సీమబండి, దేశవాళి బండి

మన యిండ్లలో బంగారము కొనునప్పుడు స్త్రీల నడుగుదురు. పిల్లకు సంబంధము చూచునప్పుడును అడుగుదురు. ఇరువది లక్షలు పోసి బండి కొనునప్పుడు మాత్రము “రంగేది కావలె?” నని యొక ప్రశ్న వేసి యూరకుందురు. ఆ బండి యింటికి వచ్చిన పిమ్మట డీజిలుకు, బీమాకు, మరమ్మతులకు నెలనెలయు పోవు సొమ్మును ఏ పద్దునుండి సర్దవలెనో చూచుకొనువారము మనమే. కావున సోదరీమణులు ఈ విషయమున కొంచెము శ్రద్ధ వహించుట మంచిదని తలచి, మా యింటి యనుభవమును, దానికి సంబంధించిన కొన్ని లెక్కలను ఇందు వ్రాయుచున్నాము.

మేముండునది హైదరాబాదునకు తూర్పున నున్న మౌలాలి. కొండమీద దర్గా, క్రింద రైలింజనుల షెడ్డు, ఆవల నాచారము కర్మాగారములు. పదునైదేండ్ల క్రిందట మా సందులో ఎస్‌యూవీ యనబడు ఎత్తయిన పెద్దబండి యొక్కటియు లేదు. ఇప్పుడు కూరలబండివాడు సందులోనికి వచ్చుటకు దారి దొరకక మొగలోనే నిలిచి కేకవేయుచున్నాడు. గతుకులదారులకు, వాననీటికి ఎత్తయిన బండి మేలేకదా యని అందరును కొనుచున్నారు. కొనుట సరియే. సీమది కొనవలెనా, దేశవాళిది కొనవలెనా యన్నచోటనే ఇంటింట వాదము బయలుదేరుచున్నది.

మొదట సీమబండి యన నేమో తేల్చుకొనవలెను. ఈ జాతికంతకు మూలపురుషుడు జీపు. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యమునకై పుట్టిన విల్లీస్ జీపును యుద్ధానంతరము మహీంద్రావారు విడిభాగములుగా తెప్పించి, బొంబాయిలో బిగించి యమ్మిరి. అనగా మన మొదటి దేశవాళి పెద్దబండియు సీమనుండి పెట్టెలలో వచ్చినదే! పిమ్మట టాటావారు 1991లో సియెర్రాను, 1998లో సఫారీని, మహీంద్రావారు 2002లో స్కార్పియోను తెచ్చిరి. ఇప్పుడు బజారులో మూడు విధములు కలవు. ఓడమీద నిండుబండిగా దిగునది ఒకటి. పెట్టెలలో వచ్చి ఇక్కడ బిగింపబడునది రెండవది. పేరు సీమదైనను ఇక్కడనే తయారగునది మూడవది. కియా యను కొరియా కంపెనీ సెల్టోసు బండిని 2019నుండి మన పెనుకొండవద్దనే చేయుచున్నది. ఇక ల్యాండ్‌రోవరు ఇంగ్లీషు పేరుగలదే యైనను 2008నుండి టాటావారి సొత్తు. ఆ కంపెనీవారి రేంజి రోవరును 2024లో పూణేలో బిగింప మొదలుపెట్టగనే ధర పదుల లక్షలు దిగినది. బండి అదియే, యంత్రము అదియే, దిగినది సుంకమే. కావున పేరును చూచి సీమదనుటకంటె, సామాను ఎక్కడనుండి వచ్చునని యడుగుట తెలివి.

సుంకపు లెక్క చూడుడు. రేవులో దిగునప్పటికి 30 లక్షలు వెలగల నిండుబండి యున్నదనుకొందము. 2023 బడ్జెట్టు ప్రకారము 40,000 డాలర్లకు లోబడిన బండికి దిగుమతిసుంకము నూటికి 70. అది 21 లక్షలు. మొత్తము 51 లక్షలు. 2025 సెప్టెంబరు 22నుండి పెద్దబండ్లకు జీయస్టీ నూటికి 40. అది 20 లక్షల 40 వేలు. అమ్మువాని లాభము చేరకముందే 71 లక్షల 40 వేలైనది! అదే వెలగల బండి ఇక్కడ తయారైనయెడల 42 లక్షలతో తేలును. ఆపై రాష్ట్రపు జీవితపన్ను. ధర హెచ్చినకొలది దాని శాతమును హెచ్చును. బ్రిటనుతో 2025 జూలైలో సంతకమైన ఒడంబడికవంటివి కొన్ని బండ్లకు, కొంత సంఖ్యవరకు, సుంకము తగ్గించునవే. అయినను మధ్యతరగతి యింటికి ఆ తగ్గింపు చేరుటకు కాలము పట్టును.

ధర యొకనాటి దెబ్బ. అది పోనిండు. అసలు కథ తరువాతది.

మాకు 2013లో కొన్న దేశవాళి డీజిలుబండి యుండెను. ఉప్పలులో నున్న మా మరిది 2020లో ఒక సీమ నిండుబండిని, నాలుగేండ్లు నడిచినదానిని, కొనెను. మాకు పద్దు వ్రాయు నలవాటు కలదు. మా తోడికోడలికిని కలదు. 2024 చివర ఒకనాడు ఇద్దరము రెండు పుస్తకములు ముందు వేసికొని నాలుగేండ్ల లెక్క తీసితిమి. మా బండి తొమ్మిదిసారులు షెడ్డుకు పోయినది: క్లచ్చు ప్లేటు, సస్పెన్షను బుష్షులు, అద్దము నెక్కించు మోటారు, ఇట్టివే. టైర్లు, బ్యాటరీ విడిచి 1,34,000 రూపాయలు. నిలిచిన దినములు అన్నియు కలిపి 12. మరిది బండి మూడే సారులు చెడినది. 7,40,000 రూపాయలు, నిలిచిన దినములు 97. అందులో గాలితో నడుచు సస్పెన్షనుకు కంప్రెసరు సముద్రము దాటి వచ్చుటకే 52 దినములు పట్టెను. వచ్చిన పిమ్మటను దానిని బండిలోని కంప్యూటరుచేత గుర్తింపజేయు పరికరము కంపెనీవారివద్దనే కలదు గాన, మరల వారి వాకిటనే వరుసలో నిలువవలసివచ్చెను.

మగవారు బండ్లనుగూర్చి మాటలాడునప్పుడు “ఎన్నిసార్లు చెడింది?” అని యడుగుదురు. ఆ లెక్కన సీమబండియే మూడింతలు మేలు. ఎన్ని దినములు నిలిచిన దని యడిగినచో దేశవాళిది ఎనిమిదింతలు మేలు. ఇంటికి కావలసినది ఈ రెండవ లెక్కయే యని మా యభిప్రాయము. నాచారములో మా బండి చూచు మెకానిక్ భాయి దీనిని మాకంటె చక్కగ చెప్పెను: “అమ్మా, బండన్నంక ఖరాబు అయితది. సామాను ఎంత దూరంల ఉన్నదన్నదే సవాల్. మల్లాపూర్‌ల దొరికితే పొద్దుమీకి ఇస్త. జర్మనీల దొరికితే జర్మనోడు చెప్పినప్పుడు ఇస్త.”

సామాను దగ్గర నుండుట యను భాగ్యము శాశ్వతము కాదు. మా మౌలాలిలోనే హెచ్చెమ్టీవారి బేరింగుల కర్మాగారముండెను. మొదట ఇండో-నిప్పన్ అను పేర వెలసి, 1981లో హెచ్చెమ్టీ చేతికి వచ్చినది. 2016లో కేంద్రప్రభుత్వము దానిని మూయ నిశ్చయించెను. ఇల్లుదాటిన నాలుగడుగులలో చక్రమునకు కావలసిన వస్తువు తయారగుచుండినదని మా పిల్లలకు చెప్పిన నమ్మరు. కంపెనీలే వెడలిపోవుటయు కద్దు. జనరల్ మోటార్సువారు 2017 చివరతో మన దేశమున షెవర్లే బండ్ల నమ్ముట మానిరి. ఫోర్డువారు 2021 సెప్టెంబరులో ఇక్కడి తయారీకి స్వస్తి చెప్పిరి. ఎండీవరు బండిని ప్రాణముగా చూచుకొనువారు ఎందరో ఆనాడు దిగులుపడిరి. కొనబోవు కంపెనీ యీ దేశమున వేళ్లు దన్నినదా, గుడారము వేసికొన్నదా యని చూచుట అందుకే యవసరము.

దేశవాళిదనినంతనే గట్టిదను పక్షపాతము మాకు లేదు. టొయోటావారి ల్యాండ్ క్రూజరు ఎడారులలో సయితము నమ్మికగ నడచునని పేరుపొందిన నిండు దిగుమతి బండి. బిడదిలో తయారగు వారి ఫార్చ్యూనరు, ఇన్నోవాలును లక్షల కిలోమీటర్లు నడచుచున్నవి. మన కంపెనీల క్రొత్త బండ్లలో మొదటి సంవత్సరమున తెరలు నల్లబడుట, సెన్సారులు ఊరక కూయుట మేము చుట్టముల యిండ్లలో చూచితిమి. టాటా నెక్సాను 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షయందు అయిదు నక్షత్రములు సంపాదించిన మొదటి భారతీయ కారు. గర్వింపదగినదే. కాని ప్రమాదమున ప్రాణము కాపాడుట వేరు, ప్రతిదినము ఉదయమున కదలుట వేరు. దేశవాళిదైనను, బజారులోనికి వచ్చి యేడాదియైన నిండని బండిని మేము కొనము.

బీమానుగూర్చి నాలుగు మాటలు. బీమావారి పట్టికలో బండి విలువ ఆరు నెలలు దాటినంతనే నూటికి 15, అయిదవయేట 50 తగ్గును. 18 లక్షల బండికి అది 9 లక్షలు. 70 లక్షల బండికి 35 లక్షలు. ప్రమాదమైనప్పుడు ప్లాస్టికు, రబ్బరు భాగముల వెలలో సగము మనమే భరింపవలెను. దానిని తప్పించు ప్రత్యేక రక్షణ పాతబండ్లకు సులభముగ లభింపదు. వానకాలమున రైలుపట్టాల క్రింది దారులలో నీరు నిలుచు మావంటి చోట్ల మరియొక సంగతి: నీరు త్రాగి యింజను చెడినయెడల మామూలు బీమా సాధారణముగ చెల్లదు; దానికి వేరుగ రుసుము కట్టవలెను.

ఇక డీజిలు. 2020 ఏప్రిలు 1నుండి వచ్చిన బీయస్-6 డీజిలుబండ్లకు పొగలోని మసిని పట్టు జల్లెడ యొకటి యుండును. రోడ్డుమీద కొంతసేపు వేగముగ నడచినగాని ఆ మసి కాలదు. ప్రతిదినము బడికి, అంగడికి, నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చు బండిలో అది పూడుకొనిపోవును. సీమబండియైనను దేశవాళియైనను ఈ రోగమొకటియే. మందు ఖరీదులో మాత్రము హస్తిమశకాంతరము. మన రాకపోకలు చిన్నవి గనుక ఈ సంగతి మనకే ముఖ్యము.

మావారు రైల్వే ఉద్యోగమునుండి విరమించినప్పుడు వచ్చిన సొమ్ముతో పాతబండిని మార్చవలెనని తలపెట్టిరి. మా యబ్బాయి నాలుగేండ్లు నడిచిన సీమబండిని 24 లక్షలకు చూచివచ్చెను. వాడు తెలివితక్కువవాడు కాడు. “అమ్మా, మొదట కొన్నవాడు సగం నష్టపోయాడు, ఆ నష్టమే మనకు లాభం” అనెను. మాట వినుటకు సొంపుగనే యున్నది. కాని బండి ధర పాతబడునుగాని దాని సామాను ధర పాతబడదు. వానిని వెంటబెట్టుకొని రెండు కంపెనీల కౌంటర్లకును పోయి, ముందు దీపము, బంపరు, ప్రక్క అద్దము, ఈ మూటి ధరలు కాగితముమీద వ్రాయించితిమి. ముందు దీపమొక్కటే ఒకచోట 14,000, మరియొకచోట 1,60,000. ఎన్ని దినములలో తెప్పింతురని యడిగితిమి. ఒకచోట రేపనిరి, మరియొకచోట చెప్పలేమనిరి. వాడిన సీమబండ్ల కాగితములలోను చిక్కులుండును. తక్కువ వెల చూపి సుంకము ఎగవేసినారను అభియోగముపై 2025 మే నెలలో మన హైదరాబాదు వ్యాపారి నొకరిని రెవిన్యూ నిఘా అధికారులు అరెస్టు చేసిన వార్త పత్రికలలో చదువలేదా?

అయినను వాని మనసు మారలేదు. మారినది మా యత్తగారి మాటతో. ఆమెకు వారమునకు రెండుసారులు, మంగళవారము, శుక్రవారము, డయాలిసిస్సు. తెల్లవారుజామున ఆరు గంటలకు ఆసుపత్రి మంచము. తప్పిన మరల దొరకదు. రెండు కాలములలోను అద్దెకారు వచ్చునన్న నమ్మకము లేదు. అన్నియు విని ఆమె మనుమనితో, “బిడ్డా, నీ బండికి నలభై దినాలు సెలవు దొరుకుతదేమో. నా రక్తానికి నాలుగు దినాలు గూడ దొరకదు” అనిరి. వాడు మారు పలుకలేదు. సాయంత్రము తానే ఫోను చేసి, చూచివచ్చిన బండి వద్దని చెప్పెను.

దేశవాళి పెట్రోలుబండిని, బజారులోనికి వచ్చి రెండేండ్లు దాటినదానిని, 17 లక్షలకు కొంటిమి. మిగిలిన 7 లక్షలలో రెండున్నర అమ్మాయి చదువునకు కట్టితిమి. తక్కినది బ్యాంకులో నున్నది. పెట్రోలు కొంచె మెక్కువయే త్రాగుచున్నది. ఆ సంగతి ముందే యెరుగుదుము. ఇప్పటికి పదునాలుగు నెలలు. ఒకమారు తెర నల్లబడగా సగము దినము, ఒకమారు తలుపు తాళము పనిచేయక ఒక దినము నిలిచినది. మంగళవార మొక్కటియు, శుక్రవార మొక్కటియు తప్పలేదు.

అత్తగారికి మాత్రము బండి ఎత్తు హెచ్చు. మోకాలు వంగదు. కంపెనీవారి మెట్టునకు 16,000 అడిగిరి. దానిని వలదని, వెనుక డిక్కీలో ఒక పీట పడవైచి యుంచితిమి; మా యబ్బాయి దిగి, పీట వేసి, చేయి యిచ్చి యెక్కించును. పద్దులో దానికి ఖర్చు వ్రాయలేదు. అది మా వంటింటి పీటయే.