చెవులకు గాలి ఆడాలె వదినె

అగో వదినె, మొన్న అడిగినవు గదా, "చెవులకు పెట్టుకున్నవి ఏంటియి? వెనుకంత జాలీ ఉన్నది, లోపలి మిషను కనబడుతున్నది, పగిలినయా ఏంది?" అని. పగలలేదు. అవి గట్లనే ఉంటయి. ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్లు అంటరు. దుబాయిల ఉన్న మా తమ్ముడు సెలవుకు వచ్చినప్పుడు తెచ్చిండు. పొయ్యి మీద ఏమన్న పెట్టి వచ్చినవా? లేదు గదా. అయితే ఆ బీడీల చేట గోడ మీద పెట్టుకో, చేతులు ఆడిచ్చుకుంటనే విను. దీని ముచ్చట ఒక్క మాటల అయ్యేది కాదు.

మన పిల్లలు పెట్టుకునే మామూలు హెడ్‌ఫోన్లకు వెనుక గట్టి మూత ఉంటది. లోపల పల్చటి పొర ఒకటి ఊగుతది. ఊగినప్పుడు గాలిని ముందుకూ నూకుతది, వెనుకకూ నూకుతది. ముందుకు వచ్చిన చప్పుడు చెవుల పడ్తది. వెనుకకు పోయింది మూతకు తాకి మల్లా లోపలికే తిరిగొస్తది. తయారుచేసేటోళ్లు లోపల స్పాంజి పెట్టి దాన్ని చంపుతరు గనీ కొంత మిగిలే ఉంటది. అందుకే చౌక వాటిల పాట బాయిల నుంచి పిలిచినట్టు వినబడ్తది. ఈ జాలీ ఉన్నదాంట్ల వెనుకకు పోయిన చప్పుడు పోతనే పోతది, తిరిగి రాదు. పాట తలకాయ లోపల ఇరికినట్టు గాకుండ, ఎదురుంగ కూసోని ఎవరో పాడినట్టు ఉంటది. మొదటిసారి పెట్టుకున్ననాడు నేను తీసి చూసుకున్న, ఫోన్ల స్పీకరు గూడ మోగుతున్నదా అని.

ఇది కొత్తగ పుట్టింది గూడ కాదు. పాటలు వినేతందుకు స్టీరియో హెడ్‌ఫోన్లు 1958ల అమెరికాల జాన్ కోస్ అనేటాయన తెచ్చిండు. అటెన్క పదేండ్లకు, 1968ల, జర్మనీల సెన్‌హైజర్ కంపెనీ హెచ్‌డీ 414 అని ఒకటి చేసింది. వెనుక మూత లేదు, బరువు లేదు, చెవికి పసుపుపచ్చ స్పాంజి. అప్పటిదాంక హెడ్‌ఫోన్లంటే బరువు, ఉక్కపోత. ఇది వచ్చినంక జనం ఎగబడి కొన్నరు, కోటికి పైన అమ్ముడుపోయింది. ఈ తీరువాటికి అదే మొదలు.

పాట ఎంత మంచిగ వినబడ్డా, చెవి నొస్తే పావుగంటకు తీసి పక్కకు పెడ్తం. అందుకే నేను సుఖం ముందు, పాట తర్వాత అంటా. మన కామారెడ్డి దిక్కు ఎండకాలం నీకు తెలువంది కాదు. నలభై డిగ్రీలు దాటినంక ఒంటి మీద బట్టనే బరువైతది. ఆ ఎండల మూతున్న హెడ్‌ఫోన్లు, అదీ తోలులెక్కటి రెగ్జిన్ దిండ్లున్నయి పెట్టుకుంటే, చెవి చుట్టూ చెమట కారుతది, చెవుల దురద మొదలైతది. మా ఆయన పాతవి గట్లనే పెచ్చులు పెచ్చులు ఊడి, నల్లటి పొట్టు చెంపల మీద అంటుకునేది. ఈ తెరిచినవాటికి ఎక్కువగ మఖమల్ బట్ట దిండ్లు ఉంటయి. గాలి వస్తది, పోతది. ఉక్కపోత పూర్తిగ పోదు గనీ చెవి పులకరించేటంత తేడా ఉంటది.

గనీ వదినె, ఇవి చేసినోళ్లు మన ఆడోళ్ల తలకాయ ఎట్లుంటదో చూసి చేసినట్టు లేదు. మనకు కమ్మలుంటయి, మాటీలుంటయి. దిండు ఒత్తుకున్నప్పుడు కమ్మ వెనుక మర పోయి మెడ సందుల గుచ్చుతది. నేను కమ్మలు తీసే పెట్టుకుంట. మాటీలైతే తియ్యక తప్పదు. కొప్పు పెడితే పైపట్టీ ముందుకు జారుతది, జడ వేసుకుంటే తక్లీఫ్ లేదు. ఇగ నూనె. తలకు నూనె రాసుకున్ననాడు వీటి జోలికి పోవద్దు. మఖమల్ నూనెను తాగుతది, దాని మీద దుమ్ము కూసుంటది, దిండు గట్టిపడ్తది. మా తమ్ముడు తెచ్చిన కొత్తల ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు తలస్నానం చేసిననాడే పాటలు. నడుమ దిండ్లు ఊడదీసి, గోరువెచ్చటి నీళ్లల్ల సబ్బేసి ఉతికి, నీడకు ఆరేస్తున్న. దిండ్లు ఊడేవి కొనుమనేది అందుకే. కొన్నిటికి అతికిచ్చి ఉంటయి, అవి పాడైతే మొత్తం పారెయ్యుడే.

కండ్లద్దాలున్నోళ్ల కష్టం ఇంకోటి. మా ఆయనకు అద్దాల కాడ చెవి మీద ఒత్తుకొని నొప్పి లేస్తది. కొత్తల ఏ హెడ్‌ఫోనైనా రెండు పక్కల గట్టిగ పడ్తది. మా అన్న కొడుకు హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ పని చేస్తడు, వానికి ఇవంటే పిచ్చి. వాడు చెప్పిండు, తల కన్న జరంత వెడల్పున్న డబ్బాకు తొడిగి రాత్రంత ఉంచుమని. చెప్పుల డబ్బాకు తొడిగినం. కొన్నాళ్లకు పట్టు సడలింది. ఎక్కువ సడలితే గూడ పనికిరాదు, వంగి చెంబు ఎత్తుకుంటేనే జారి కింద పడ్తది.

బరువు సంగతి గూడ చూడాలె. మా అన్న కొడుకు కాడ ఉన్నది హెచ్‌డీ 600. 1997ల వచ్చింది, ఇప్పటికీ చేస్తనే ఉన్నరు. దిండ్లు, వైరు, జాలీ, ఏది పాడైతే అది మార్చుకోవచ్చు. బరువు 260 గ్రాములు. వాని దోస్తు కాడ బేయర్‌డైనమిక్ డీటీ 990 ఉన్నదట, దాని దిండంత మెత్తటిది ఎక్కడ చూడలేదంటడు. ఇంకో తీరువి ఉంటయి, ప్లానార్ అంటరు. వాటిల పెద్ద పెద్ద అయస్కాంతాలు ఉంటయి, 400 గ్రాములు, కొన్నైతే 500 గ్రాములు గూడ దాటుతయి. పాట బంగారమే గనీ గంట కాంగనే మెడలు పట్టుకుంటయని చెప్పిండు. నేనైతే అర కిలో నెత్తి మీద పెట్టుకొని పాట వినలేను తల్లీ. ఇంకో కంపెనీది ఒకటి పెట్టి చూసిన, పేరెందుకు. పైపట్టీకి లోపల ఉబ్బెత్తు ముద్దలు, సరిగ్గ నడినెత్తి మీద కూసుంటయి. పది పాటలు విన్నంక నెత్తి తడుముకునుడే.

పాట ఎట్లుంటదో చెప్పలే గదా. బలగం సినిమా చూసినవు గదా, 2023ల వచ్చింది. ఆఖర్ల పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాడుతరు చూడు, దాన్ని వీటిల విన్న. కొమురమ్మ గొంతెత్తే ముందు ఊపిరి తీసుకునేది వినబడ్డది. థియేటర్ల అందరితోని కలిసి ఏడ్చినం గనీ ఆ ఊపిరి అప్పుడు వినలేదు. ఆ ఇద్దరి గొంతులు వేరువేరుగ, ఒకలు ఇటు ఒకలు అటు నిలబడ్డట్టు అనిపిచ్చింది. మల్లా మల్లా పెట్టుకొని విన్న. ఆ పాటకోసమన్న ఇవి ఒక్కసారి పెట్టుకొని చూడాలె నువ్వు.

ఇళయరాజా పాటలకైతే వీటిని మించింది లేదు. వయొలిన్లు ఎన్ని వరుసలు ఉన్నయో, ఏ వరుస ఎప్పుడు వచ్చి చేరుతదో తెలుస్తది. గీతాంజలి, 1989ల సినిమా, క్యాసెట్ అరిగేదాంక విన్నదాన్నే, అయినా వేళ్లు తీగె మీద జారిన చప్పుడు ఇప్పుడే దొరికింది. పాత పాటల సంగతి వేరే ఉంటది. మాయాబజార్ 1957ది, అప్పటివి మోనో రికార్డింగులు. రెండు చెవులల్ల ఒక్కటే చప్పుడు గాబట్టి ఘంటసాల గొంతు సరిగ్గ నెత్తి నడుమ నిలబడ్తది. అటు ఇటు పంచుకునేదేం ఉండదు. అయినా మూతున్నవాటిల కన్న వీటిలనే ఆ గొంతుకు ఊపిరాడినట్టు ఉంటది.

ఒక్కటి మాత్రం వీటితోని కాదు. డోలు. మన కామారెడ్డి దిక్కున్న గడికోటల మహాదేవుని గుడి కాడ శివరాత్రికి డోలు కొడితే ఎట్లుంటది? కడుపుల తాకుతది గదా! ఆ కోటను బాగుచేసినందుకే 2022ల యునెస్కోవాళ్లు అవార్డు ఇచ్చిండ్రు, ఆ వాకిట్ల నిలబడి డోలు విన్నోళ్లకు ఇంకే డోలు ఆనదు. ఆ కింది దెబ్బ చెవికి బలంగ తాకాలంటే లోపలి గాలి బయటికి పోవద్దు. వీటిల జాలీల నుంచి గాలి పోతది గాబట్టి డోలు మోగుతది గనీ ఆ బరువు రాదు. చర్మం మీద పుల్ల పడ్డ చప్పుడు శుభ్రంగ వినబడ్తది. బోనాల పాటలకు, డీజే పాటలకు మూతున్నయే మంచివి, నా మాట నమ్ము.

ఇగ అందరూ వీటిల తప్పు పట్టేది ఏందంటే, బయటి చప్పుడు లోపలికి వస్తది, లోపలి పాట బయటికి పోతది అని. నిజమే. రాత్రి నేను వింటుంటే పక్కన పండుకున్న మా ఆయనకు సన్నగ వినబడ్తది, నిద్ర పట్టదంటడు. అందుకే నడింట్లకు వచ్చి కూసుంట. గనీ నాకు ఆ తప్పే కావాలె వదినె. లోపలర్రల మా అత్త మంచంల ఉన్నది నీకు తెలుసు గదా. ఆమె గొంతు ఎంత సన్నబడ్డదో తెలుసు. మూతున్నవి పెట్టుకున్ననాడు ఆమె పిలిస్తే నాకు వినబడలేదు. మా ఆయన వచ్చి భుజం తడితే లేచి ఉరికిన, నీళ్లకోసం పిలుస్తున్నదట. అప్పటిసంది మూతున్నవాటిని ముట్టలేదు. వీటిల పాట నడుస్తుంటనే ఆమె దగ్గు వినబడ్తది, కుక్కర్ సీటీ వినబడ్తది, గేటు తీసిన చప్పుడు, పాలోడు, అన్నీ వినబడ్తయి. ఇల్లు నడిపేటోళ్లకు చెవులు పూర్తిగ మూసుకునే హక్కు యాడిది? పాట గూడ కావాలె, ఇల్లు గూడ వినబడాలె. రెండూ దొరికినయి వీటిల. ఆమె పండుకున్నంక, రెండు చెవులల్ల పాట, నడుమల ఆమె ఊపిరి. నాకు అంత నిమ్మలం ఇంకెన్నడు లేదు.

తిప్పలల్ల పెద్దది కూలర్. ఎండకాలం కూలర్ గుర్రుమంటుంటే వీటిల ఏం వినబడదు. అప్పుడు చేసే తప్పు, సౌండు పెంచుడు. పెంచొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థోళ్లు లెక్క చెప్పిండ్రు, 80 డెసిబెల్స్ కాడ వారంల 40 గంటలు వినొచ్చు, 90 కాడ నాలుగు గంటలే అని. చెవి ఒక్కసారి పోతే తిరిగి రాదు. అందుకే నేను పొద్దుగాల కూలర్ బంద్ చేసినంక, వాకిలి ఊడ్చే లోపు వింట. అప్పుడు రోడ్డు మీద బండ్లు గూడ ఉండవు, చిన్న సౌండుకే అంతా వినబడ్తది.

ఇంకోటి, ఫోనుకు పెట్టంగనే అన్నీ పాడవు. ఓమ్స్ అని ఒక లెక్క ఉంటది. మా అన్న కొడుకు హెచ్‌డీ 600 అయితే 300 ఓమ్స్, ఫోనుకు పెడితే పాట చిన్నగ, బలం లేకుండ వస్తది, దానికి వేరే ఆంప్లిఫయర్ కావాలె. 32 ఓమ్స్ చుట్టుపక్కల ఉన్నయి చానామటుకు ఫోనుతోనే మంచిగ మోగుతయి. ఇప్పటి ఫోన్లకు పిన్ను పెట్టే తొర్ర గూడ ఉంటలేదు, చార్జింగ్ కాడ పెట్టే చిన్న ముక్క ఒకటి వేరే కొనాలె. వైరుదే కొనుమంట నేను. ఫోన్ల ఎఫ్ఎం రేడియో ఉంటే దానికి ఆ వైరే ఏరియల్. నిజామాబాద్ ఆకాశవాణి పెట్టుకోవాలన్నా వైరుండాలె.

నీ పనికైతే ఇవి మంచిగనే కుదురుతయి. బీడీలు చుట్టేటప్పుడు చేతులకు పని, చెవులకు తీరిక. పిల్లలు పిలిచినా వినబడ్తది. గనీ వైరును ముందల నుంచి వదలకు, వీపు వెనుక నుంచి తీసుకో. తునికాకు కత్తిరిచ్చేటప్పుడు కత్తెర కింద వడ్డదంటే ఖతం.

మీ పెద్దోనికి కొనియ్యాలె అన్నవు గదా, వానికి మాత్రం ఇవి వద్దు. హాస్టల్ల ఒక్క రూముల నలుగురు ఉంటరు. వాని పాట వాళ్లకు, వాళ్ల లొల్లి వానికి. బస్సుల గూడ పనికిరావు, కండక్టర్ అరుపుల నడుమ పాటేం వినబడ్తది? వానికి మూతున్నయే కొనియ్యి, రెగ్జిన్ గాకుండ బట్ట దిండ్లున్నయి చూడు. మా అన్న కొడుకు వచ్చే ఐతారం వస్తున్నడు, వాన్నే అడుగుదాం ఏది కొనాలెనో. నీకు వీటిని పెట్టి చూడాలని ఉంటే ఆనాడే రా, తలస్నానం చేసి, కమ్మలు తీసి రా. బలగం పాట పెడ్త.