ముప్పై రోజుల గడువు

సత్తెనపల్లి నుంచి అమెరికాలోని కొడుకు దగ్గరికి వెళ్లిన ఆ అమ్మకి కొలంబియా నదిని చూడగానే కృష్ణమ్మ గుర్తొచ్చింది. 2019 వేసవి అది. సియాటిల్‌లో ఉండే కొడుకు మూడున్నర గంటలు కారు నడిపి ఆమెను హాన్‌ఫర్డ్ చూపించడానికి తీసుకొచ్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో అణుబాంబు తయారీకి పనిచేసిన మూడు చోట్లను కలిపి అమెరికా ప్రభుత్వం 2015లో మన్‌హట్టన్ ప్రాజెక్టు చారిత్రక పార్కుగా ఏర్పాటు చేసింది. ఓక్‌రిడ్జ్, లాస్ అలమోస్... మూడోది ఈ హాన్‌ఫర్డ్.

కొడుకు ఇంజినీరు. అతని ధ్యాసంతా బి రియాక్టర్ మీదే. ప్లుటోనియం కోసం భారీ ఎత్తున కట్టిన రియాక్టర్లలో ప్రపంచంలో మొట్టమొదటిది. పెద్ద గ్రాఫైట్ దిమ్మ, దాని గుండా 2,004 అల్యూమినియం గొట్టాలు. నది నీళ్లు వాటిలో పారి వేడిని తీసుకుపోయేవి. 1944 సెప్టెంబరు 26న పని మొదలైంది. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద వేసిన బాంబులో ఉన్నది హాన్‌ఫర్డ్ ప్లుటోనియమే. అమ్మ అన్నీ వింది. ఏమీ అనలేదు.

మర్నాడు బస్సు పాత ఊళ్ల వైపు వెళ్లింది. హాన్‌ఫర్డ్, వైట్‌బ్లఫ్స్... పండ్లతోటలు పెంచుకున్న రైతుల ఊళ్లు. 1943లో ఖాళీ చేయమంటూ ప్రభుత్వం నుంచి ఉత్తరాలొచ్చాయి. కొందరికి ముప్పై రోజులే గడువు. వైట్‌బ్లఫ్స్ సమాధుల్ని సైతం వేరే ఊరికి తరలించారు. తరతరాలుగా ఆ ఒడ్డున చేపలు పట్టిన వనపమ్ తెగవాళ్లూ దూరం కావాల్సి వచ్చింది. ఇప్పుడక్కడ కనిపించేది హైస్కూలు మొండిగోడలు, ఓ చిన్న బ్యాంకు భవనం, ఇంకా ఒకటీ అరా కట్టడాలు.

ఆ బడి గోడల దగ్గర అమ్మ ఆగిపోయింది. ఆమె పుట్టిల్లు బెల్లంకొండ మండలం కొల్లూరు. ఒకప్పుడు వజ్రాలు దొరికిన నేల. పులిచింతల జలాశయంలో మునిగిపోయింది.

"ఎందుకు ఖాళీ చేయాలో వీళ్లకి చెప్పలేదా నాయనా?"

"యుద్ధం పని అన్నారంతేనమ్మా. బాంబు పడ్డాకే తెలిసింది."

"మాకు నీళ్లకని చెప్పారు. ఆ నీళ్లు డెల్టా పొలాలకి పోతున్నాయి. ఏడుపొచ్చినప్పుడల్లా అదే తలుచుకుంటా. వీళ్లేం తలుచుకున్నార్రా?"

కొడుకు దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి అతను రెండ్రోజుల ఫొటోలూ చూపించాడు. సత్తెనపల్లికి పంపడానికి అమ్మ ఒక్కటే ఎంచుకుంది. రియాక్టర్‌ది కాదు... పైకప్పు లేని ఆ బడిది.