కోడు వచ్చింది కద సార్!

మొన్నామధ్య మా కారుకి చలిజ్వరం పట్టుకుంది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఒకటే వణుకు. పైగా డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ ఆరుతూ వెలుగుతూ ఉంది. (అది నిలకడగా వెలిగితే వీలు చూసుకుని తీసుకెళ్ళొచ్చు. ఆరుతూ వెలుగుతుంటే మాత్రం బండి ఆపెయ్యాలి. మండని పెట్రోలు వెళ్ళి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది.) నాకది తెలీక రెండ్రోజులు ఆఫీసుకి అలాగే తిప్పాను.

సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి, పి0302 అని చూపించి, నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలన్నారు. ఎస్టిమేటు చూస్తే నాకే జ్వరమొచ్చింది. ఎందుకు మార్చాలయ్యా అంటే "కోడు వచ్చింది కద సార్" అంటాడు. అరె, పి0302 అంటే రెండో సిలిండర్లో మిస్‌ఫైర్ అవుతోందని, అంతే! ఎందుకో అది చెప్పదు. ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్, కంప్రెషన్... ఏదైనా కావచ్చు. ఎర్రర్ కనబడ్డ లైన్లోనే బగ్గుంటుందని నమ్మే ఫ్రెషర్లని మనం చూడలేదా :)

మా వీధి చివర మెకానిక్ బాబాయ్ రెండో సిలిండర్ కాయిల్ మూడోదానికి, మూడోదాని కాయిల్ రెండోదానికి పెట్టాడు. కోడు చెరిపేసి, కాసేపు నడిపి చూస్తే పి0303! రోగం కాయిల్ వెంటే వెళ్ళింది. ఒక్క కాయిల్ మార్చాం, వణుకు పోయింది.

"కోడు మూడుకి మారకపోతే?" అనడిగా.

"అప్పుడు ప్లగ్గులు మార్చి చూసేవాణ్ణి. అదీ కాకపోతే కంప్రెషన్. ఇంజెక్టర్ సంగతి ఆ తర్వాత."

మరి ఆ రెండ్రోజుల్లో కన్వర్టర్ ఎంత దెబ్బతిందో? "పి0420 వస్తే చూద్దాంలే అబ్బాయ్" అన్నాడు. రోజూ పొద్దున్నే తాళం తిప్పి ఆ లైటు వంకే చూస్తున్నా.