శ్రీపర్వతం మీద స్త్రీల పేర్లు

గుంటూరు నుంచి నరసరావుపేట, మాచర్ల మీదుగా కృష్ణ ఒడ్డున ఉన్న విజయపురి సౌత్‌కు సాగే దారి పల్నాటి మెట్టపొలాల గుండా, సున్నపురాతి నేల మీదుగా వెళ్తుంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు ఉలి పెట్టింది ఈ సీమ రాతి మీదే. లేత ఆకుపచ్చ ఛాయ గల ఆ సున్నపురాయిని పలనాటి పాలరాయి అనడం వాడుక. పల్నాడు అనగానే బాలచంద్రుడు, బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ తలపుకు వస్తారు గానీ, 12వ శతాబ్దపు ఆ వీరగాథకు ఎనిమిది వందల ఏళ్లకు పైబడి ముందే, శాతవాహనుల తరువాత రాజ్యానికి వచ్చిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, స్త్రీలు తమ దానాలను తమ పేర్లతోనే రాళ్ల మీద చెక్కించారు. ఆ పేర్లను వెతుక్కుంటూ చేసే యాత్రకు అనుపులో మొదలుపెట్టడం మేలు.

నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున ఉన్న అనుపులో, మునిగిపోయిన లోయ నుంచి తరలించి తిరిగి కట్టిన కట్టడాలలో నలువైపులా మెట్లున్న రంగస్థలం ఒకటి, హారీతి ఆలయం ఒకటి. హారీతి మొదట దేవత కాదు. బౌద్ధ కథల ప్రకారం ఆమె రాజగృహంలో పసిబిడ్డలను ఎత్తుకుపోయి తినే యక్షిణి. ఐదు వందల మంది బిడ్డల తల్లి అయిన ఆమె కడగొట్టు కొడుకును బుద్ధుడు తన భిక్షాపాత్ర కింద దాచగా, బిడ్డ కోసం అల్లాడిన ఆ తల్లికి ఊరి తల్లుల కడుపుకోత తెలిసివచ్చింది. ఆనాటి నుంచి ఆమె పిల్లలను కాచే తల్లిగా మారిందనీ, ఆమెకు విహారాలలో రోజూ అన్నం పెట్టే ఏర్పాటు జరిగిందనీ కథ. ఉగ్రమైన శక్తిని చంపకుండా, వెళ్లగొట్టకుండా, అన్నం పెట్టి ఊరికి కాపుగా నిలుపుకున్న ఈ పద్ధతి గ్రామదేవతల కొలుపు ఎరిగిన తెలుగువారికి కొత్తగా తోచదు. పండితులు దీన్ని బౌద్ధం జానపదానికి ఇచ్చిన రాయితీగా చూస్తుంటారు. లోయలోని తల్లులే తమ దేవతను విహారం దాకా నడిపించుకు వచ్చారని చూడడం ఇంకా న్యాయం.

విజయపురి సౌత్ రేవు నుంచి లాంచీ కదిలాక కింద ఉన్నది ఒక నగరమన్న సంగతి నీటిని చూస్తే తెలియదు. 1926లో ఏ.ఆర్. సరస్వతి ఈ చోటును గుర్తించిన తరువాత లాంగ్‌హర్స్ట్, టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు సాగించారు. నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరు 10న. లోయ మునగక ముందే వీలైనంత వెలికితీయాలని ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 వరకు విస్తృతమైన తవ్వకాలు జరిగాయి. ఒకప్పుడు శ్రీపర్వతం అనిపించుకున్న నాగార్జునకొండ కొన ఇప్పుడు ద్వీపం. మహాచైత్యంతో సహా కొన్ని కట్టడాలను దాని మీద పునర్నిర్మించి, శిల్పాలను అక్కడి మ్యూజియంలో ఉంచారు.

మహాచైత్యం కట్టడం చక్రాకారంలో, ఇరుసు నుంచి ఆకులు విచ్చినట్టుగా ఇటుక గోడలతో సాగుతుంది. లాంగ్‌హర్స్ట్ తవ్వకంలో బంగారు భరిణెలో పెట్టిన ధాతువు, అంటే పూజనీయమైన అస్థిశకలం, దీనిలోనే దొరికింది. నాలుగు దిక్కులా ఐదేసి చొప్పున నిలిపే ఆయక స్తంభాలు బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, తొలి ధర్మోపదేశం, పరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు గుర్తులని చెబుతారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో ఈ స్తంభాలను నిలిపినది చాంతిసిరి, అంటే సంస్కృతంలో శాంతిశ్రీ. ఈమె తొలి రాజు శాంతమూలునికి తోబుట్టువు, మహాసేనాపతి, మహాతలవర (రాజ్యంలోని పెద్ద సామంతాధికారి బిరుదు) అయిన స్కందశ్రీకి భార్య, వీరపురుషదత్తునికి మేనత్త. కూతురును మేనల్లుడికే ఇచ్చినందున శాసనంలో ఆమె రాజును తన అల్లుడని చెప్పుకుంటుంది. నేటికీ తెలుగు ఇళ్లలో వినిపించే మేనరికం ఇక్కడ రాజ్యాన్ని కట్టి ఉంచిన బంధం. ఆ బంధానికి ముడి ఆమె చేతిలో ఉంది.

శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదిక ధర్మావలంబి. యాగాల కీర్తి రాజుది కాగా విహారాలు, చైత్యాల దానాలలో ఎక్కువ భాగం అంతఃపుర స్త్రీలది. వీరపురుషదత్తుని రాణి భట్టిదేవ బహుశ్రుతీయ శాఖ భిక్షువులకూ, వనవాస రాజు భార్యగా వెళ్లిన ఇక్ష్వాకు ఆడపడుచు కొడబలిసిరి మహీశాసక శాఖ భిక్షువులకూ విహారాలు కట్టించారు. ఈ స్త్రీలు రాజ్యమేలలేదు, ప్రతి శాసనంలోనూ ఎవరి కూతురో, ఎవరి భార్యో చెప్పుకున్నారు. అయినా ఇంత పెద్ద కట్టడాలకు వెచ్చించగల సొమ్ము, దాన్ని తమ పేరనే ప్రకటించే హక్కు వారికి ఉన్నాయనడానికి ఆ రాతలే రుజువు. రాజులు సైతం వాసిష్ఠీపుత్రుడు, మాఢరీపుత్రుడు అని తల్లి గోత్రంతోనే తమను చెప్పుకున్నారు.

ఇక్కడ దొరికిన లజ్జాగౌరి శిల్పం, అంటే సంతానాన్ని ప్రసాదించే నగ్నమాతృమూర్తి, రాణి ఖండువుల చేయించినది. వైధవ్యం ఎరుగనిదాన్ననీ, బిడ్డ బతికి ఉన్న తల్లిననీ ఆమె దాని మీద రాయించింది. ముత్తైదువతనం, బిడ్డ క్షేమం అన్న ఆ రెండు కోరికలకూ పదిహేడు వందల ఏళ్లు.

రాచకుటుంబానికి చెందని స్త్రీ ఉపాసిక బోధిసిరి. ఉపాసిక అంటే సన్యసించకుండా గృహస్థురాలిగానే బౌద్ధాన్ని ఆచరించే స్త్రీ. వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో ఆమె చుల్లధమ్మగిరి మీద తామ్రపర్ణి, అంటే సింహళ ద్వీపపు స్థవిరుల కోసం చైత్యగృహం కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చైనా, వంగం, ద్రవిడ దేశాలను ప్రసన్నం చేసిన ఆచార్యులుగా ఆ స్థవిరులను కీర్తించడంతో, ఒక గృహిణి దానశాసనం ఆనాటి బౌద్ధ ప్రపంచానికి పటమైంది. ఆమె ఇతర దానాల పట్టికలో కంటకశైలం మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గరి రాతి మండపం ఒకటి. కంటకశైలం నేటి కృష్ణా జిల్లా ఘంటసాల.

విజయపురిలో వీరులనూ మరవలేదు. పోరులో పడిన యోధులకే గాక చేతిపనివారికి సైతం స్మారకంగా నిలిపిన ఛాయాస్తంభాలు, ప్రాకృతంలో ఛాయాఖంభాలు, ఈ లోయలో దొరికాయి. వాటిలో శాంతమూలుని స్మృతికి నిలిపిన స్తంభం మీద రాజు జీవిత ఘట్టాలు అంతస్తులుగా చెక్కి ఉన్నాయి. వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో దాన్ని నిలిపినవారు చనిపోయిన రాజు తల్లులు, అక్కచెల్లెళ్లు, భార్యలు. వారి పేర్లు శాసనంలో వరుసగా ఉన్నాయి.