నబ్జ్ చూడకుండా నుస్ఖా రాయొద్దు

మన ఖాన్‌దాన్‌లలో ఇప్పుడు సాఫ్ట్‌వేర్ నౌక్రీ చేసే పిల్లలు లేని ఇల్లు తక్కువ. దస్తర్‌ఖాన్ మీద నుంచి సగంలో లేచి, ఫోన్ పట్టుకుని డాబా మీదికి పరిగెత్తే కొడుకుల్ని, కోడళ్లని చూసి పెద్దలు పరేశాన్ అవుతుంటారు. మా అమ్మీ అయితే సీదా అడిగేస్తది: "సర్వర్ స్లో అయిందంటవు. అదేమన్నా బండియా బేటా, ఇంజన్ విప్పి చూడనీకి?"

ఈ సవాల్‌కి జవాబ్ మన జుబాన్‌లోనే చెప్పొచ్చు.

ఒక వలీమా దావత్ అనుకోండి. మెహమాన్లు వస్తుంటారు. వడ్డించేవాళ్లు తిరుగుతుంటారు. బావర్చీఖానాలో దేగు ఉంటుంది, దేగు దగ్గర కొన్ని గరిటెలు. ఫోన్‌లో బటన్ నొక్కిన మీరు మెహమాన్. సర్వర్‌లో మీ పని చూసే థ్రెడ్ వడ్డించేవాడు. దేగు డేటాబేస్. గరిటె, డేటాబేస్ కనెక్షన్. టామ్‌క్యాట్ అనే సర్వర్‌లో మనం ఏమీ మార్చకపోతే వడ్డించేవాళ్లు 200 మంది వరకూ ఉంటారు. జావా వాళ్లు బాగా వాడే హికారీ అనే కనెక్షన్ పూల్‌లో, ఏమీ మార్చకపోతే గరిటెలు 10 మాత్రమే. ఇంతమందికి పదేనా అని హైరాన్ కావొద్దు. ముంచుకుని వెంటనే పక్కవాడికి ఇచ్చేస్తే పది గరిటెలతో పెద్ద దావతే నడుస్తుంది. గరిటె చేతిలో పట్టుకుని ఒకడు ఫోన్ మాట్లాడుతూ నిలబడ్డాడంటే మాత్రం దావత్ మొత్తం ఆగిపోతుంది.

కొన్నేళ్ల కింద నేను పనిచేసిన చోట కాలేజీ ఫీజులు కట్టే అప్లికేషన్ ఒకటి మా చేతిలో ఉండేది. ఆఖరి తారీఖు. రాత్రి 12 లోపల ఫీజు పడకపోతే సీటు పోతుంది. సాయంత్రం ఆరు దాటాక పేజీ తిరుగుతూ తిరుగుతూ, 30 సెకన్లకి ఎర్రర్ చూపించడం మొదలైంది. ఇరవైమంది ఒకే కాల్‌లోకి వచ్చారు. మొదటి మాట: "నిన్న కోడ్ ఎక్కించింది ఎవరు?"

ఎక్కించింది కడప నుంచి వచ్చిన ఒక అమ్మాయి. చేరి ఆరు నెలలు. వాళ్లింట్లో మొదటి నౌక్రీ ఆమెదే. గుమాన్ ఇల్జామ్‌గా మారడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె కోడ్ వెనక్కి తీసేయమని ఒకరు, ర్యామ్ పెంచమని ఒకరు, డేటాబేస్ వాళ్లదే కసూర్ అని ఇంకొకరు. అందరూ కలిసి: రీస్టార్ట్ కొట్టండి.

చిన్నప్పుడు నానీతో చార్మినార్ దగ్గరి యునానీ దవాఖానాకి వెళ్లేవాళ్లం. నానీ కూర్చోకముందే తన తక్లీఫ్ మొత్తం ఏకరువు పెట్టేది. హకీం సాబ్ విని, ఏమీ అనకుండా చెయ్యి చాపమనేవారు. ముందు నబ్జ్, తర్వాతే నుస్ఖా. మా పనిలోనూ అంతే. రీస్టార్ట్ తప్పు కాదు, కొన్నిసార్లు అదే ఊపిరి పోస్తుంది. కానీ రీస్టార్ట్ చేస్తే లోపలి సబూత్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని రెండు నిమిషాలు మొహలత్ అడిగాను.

ముందు సీపీయూ చూశాం. పదిహేను శాతం కూడా లేదు. అంటే సర్వర్ కష్టపడి పనిచేయడం లేదు, దేనికోసమో ఇంతెజార్ చేస్తోంది. తర్వాత గార్బేజ్ కలెక్షన్ లాగ్. అందులో ఆగిన సమయాలు చిన్నవి, మెమరీ ఖాళీగానే ఉంది. ర్యామ్ పెంచడం బేకార్ అని తేలింది. ఇక థ్రెడ్ డంప్. 'కిల్ మైనస్ త్రీ' అనే కమాండ్ ఇస్తాం. పేరు ఖౌఫ్‌నాక్‌గా ఉన్నా జావాని అది చంపదు. ఆ క్షణంలో ఏ థ్రెడ్ ఏ లైన్ దగ్గర నిలబడిందో రాసిస్తుంది, అంతే. ఒక్కటి తీస్తే అది ఫోటో. పది సెకన్ల తేడాతో మూడు తీస్తే ఏది కదులుతోందో, ఏది కదలడం లేదో తెలుస్తుంది.

200 థ్రెడ్లలో 160 దాకా కనెక్షన్ కోసం లైన్‌లో ఉన్నాయి. చాలామంది ఇక్కడే ఆగి "కనెక్షన్లు పెంచేయండి" అంటారు. అసలు అడగాల్సింది, గరిటెలు ఎవరి చేతిలో ఉన్నాయని. మా పూల్‌లో 40 కనెక్షన్లు. ఆ 40 పట్టుకున్న థ్రెడ్లన్నీ ఒకే లైన్ దగ్గర ఉన్నాయి. మూడు డంపుల్లో థ్రెడ్లు మారాయి గానీ, నిలబడ్డ చోటు మారలేదు. ఫీజు డేటాబేస్‌లో రాసి, ట్రాన్సాక్షన్ మూయకుండానే, తల్లిదండ్రులకి ఎస్సెమ్మెస్ పంపి జవాబ్ కోసం చూస్తున్నాయి. ఆ ఎస్సెమ్మెస్ పంపే బయటి సర్వీస్ ఆ సాయంత్రం ఒక్కో జవాబ్‌కి 8 సెకన్లు తీసుకుంటోంది. ఇంతసేపే ఆగాలి అనే టైమౌట్ మా కోడ్‌లో లేదు.

హిసాబ్ చూడండి. లోపలున్నవాళ్ల సంఖ్య అంటే వచ్చే వేగం ఇంటూ ఒక్కొక్కరు ఉండే సమయం అని 1961లో జాన్ లిటిల్ సాబిత్ చేశాడు. ఒక్కో పని కనెక్షన్‌ని 0.1 సెకను పట్టుకుంటే 40 కనెక్షన్లతో సెకనుకి 400 పనులు అవుతాయి. 8 సెకన్లు పట్టుకుంటే సెకనుకి 5. కనెక్షన్లు 80 చేసినా దక్కేది 10.

ఆ లైన్ ఎప్పటిదని చూస్తే మూడేళ్ల పాతది. ఆ అమ్మాయి నిన్న మార్చింది రసీదు మీద కాలేజీ అడ్రస్ వచ్చే చోటు. ఆ లైన్‌ని, దాని తారీఖుని అందరికీ కనిపించేలా గ్రూపులో పెట్టాను. ఎస్సెమ్మెస్ ఆపే సెట్టింగ్ ఉంది. అది మార్చి సర్వర్లని ఒక్కొక్కటిగా రీస్టార్ట్ చేశాం. నిమిషాల్లో ఫీజులు పడటం మొదలైంది. తర్వాతి వారం ఎస్సెమ్మెస్‌ని ట్రాన్సాక్షన్ బయటికి, క్యూలోకి మార్చి టైమౌట్ పెట్టాం. ఆ సాయంత్రం విసిగిపోయి ఫోన్ పక్కన పెట్టేసినవాళ్లు ఎంతమందో, వాళ్ల సీట్లు ఏమయ్యాయో ఏ లాగ్‌లోనూ కనపడదు.

ఆ కాల్‌లో ఇంకోటి కూడా గమనించాను. ఇల్జామ్ ఇరవైమంది ముందు పడింది. దాన్ని వాపస్ తీసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. "ఓకే, థాంక్స్ ఆల్" అని కాల్ కట్ అయింది. మర్నాడు ఆమె క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ ఒకే మాట అంది: "ఆ డంప్ ఎలా చదవాలో నాకు నేర్పిస్తారా?" నేర్పించాను. ఇప్పుడు ఇంకో కంపెనీలో అలాంటి కాల్స్ ఆమే నడుపుతోంది.

ఈ నౌక్రీలో కొత్తగా చేరుతున్న బచ్చాలకి చెప్పేది కొంచెమే. సగటు చూసి తసల్లీ పడొద్దు: 99 మందికి 0.1 సెకనులో పని అయి, ఒక్కరు 30 సెకన్లు ఆగినా సగటు 0.4 దగ్గరే కనిపిస్తుంది. ఆ ఒక్కరి ఫీజే ఆగి ఉండొచ్చు. బయటికి వెళ్లే ప్రతి కాల్‌కీ టైమౌట్ పెట్టండి. రీస్టార్ట్‌కి ముందు మూడు డంపులు తీసి దాచండి. కాల్‌లో ఎవరైనా "ఎవరు?" అని మొదలుపెడితే, అదబ్‌తోనే "ఎక్కడ ఆగింది?" అని అడగండి. ఆ సవాల్ అడిగినందుకు ఎవరి నౌక్రీ పోదు. అడగకపోతే మాత్రం ఒక బేకసూర్ నౌక్రీ పోవచ్చు.