దేవుడి దారాలు

ఆమధ్య గ్రాజియా దెలెద్దా రాసిన 'కోసిమా' చదవడం మొదలుపెట్టాను. ఇటలీ వారి సార్డీనియా దీవిలో, నువొరో అనే కొండ ఊళ్లో 1871లో పుట్టి, నాలుగో తరగతితో బడి మానేసి, 1926 సంవత్సరపు నోబెల్ బహుమతి పుచ్చుకున్న మహాతల్లి ఆవిడ. ఆవిడ పోయాక వెలువడిన ఈ పుస్తకం వాళ్లింటి వర్ణనతో మొదలవుతుంది. ఆ ఇంట్లో అందరూ మసలేది వంటింట్లోనే! పొయ్యి మీద పాలు పెట్టి కథలు ఊహించుకుంటూ పాలు పొంగబెట్టుకునే నాబోటి దానికి ఇంకేం కావాలి? పుస్తకం పక్కన పెట్టి ఆ ఊరివాళ్లు ఏం వండుకుంటారో తెలుసుకోవడంలో పడ్డాను. నవల మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

వాళ్ల రొట్టె పేరు కరసావు. గోధుమరవ్వ పిండిని పులియబెట్టి, పల్చగా వత్తి, కణకణలాడే పొయ్యిలో పెడితే మన పుల్కాలా బుస్సున పొంగుతుంది. వెంటనే తీసి, అంచు వెంట చాకుతో కోసి, రెండు పొరలుగా విడదీసి మళ్లీ కాలుస్తారు. అప్పడంలా కరకరలాడుతుంది. నెలల తరబడి కొండల్లో ఉండే గొర్రెల కాపరులకి పాడవని రొట్టె కావాలి కదా! అందుకని ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా ఒకచోట చేరి దొంతర్లు దొంతర్లుగా కాల్చేవారు. కొండ మీద ఉన్నవాళ్లు ఎక్కువ కష్టపడ్డారా, పొయ్యి ముందున్నవాళ్లా అని నన్నడక్కండి. నా సమాధానం మీకు తెలుసు.

అసలు చెప్పాలనుకున్నది రొట్టె గురించి కాదు. నువొరోలోనే 'సు ఫిలిందెవు' అని ఒక వంటకం ఉంది. దేవుడి దారాలు అని అర్థం. రవ్వపిండి, నీళ్లు, ఉప్పు, అంతే. ఆ ముద్దని చేతులతో సాగదీసి మడవడం, మళ్లీ సాగదీసి మడవడం. ఎనిమిదిసార్లు అయ్యేసరికి 256 పోగులు! వాటిని గుండ్రటి చెక్క మీద అడ్డంగా, ఏటవాలుగా మూడు వరసలు పరిచి ఎండబెడితే సన్నటి వలలా తయారవుతుంది. మే నెలలోనూ, అక్టోబరులోనూ భక్తులు రాత్రంతా నడిచి లూలా దగ్గరున్న సెయింట్ ఫ్రాన్సిస్ గుడికి చేరతారు. అక్కడ ఈ దారాల్ని గొర్రెమాంసం రసంలో ఉడికించి, పైన గొర్రెపాల చీజు వేసి పెడతారు. మా ఇంట్లో మాంసం వండం కనుక రుచి సంగతి చెప్పలేను.

ఆ ఊళ్లో ఏ కొద్ది ఇళ్లలోనో తల్లి దగ్గర కూతురు నేర్చుకుంటూ వచ్చిన విద్య అది. పిండి సాగకపోతే ఉప్పునీళ్లలో వేళ్లు ముంచాలి, ఆరిపోతే మామూలు నీళ్లలో. ఎప్పుడు ఏది అన్నది వేళ్లకే తెలియాలి. ఓ పెద్ద పాస్తా కంపెనీ ఇంజనీర్లు వచ్చి చూసి, యంత్రం చెయ్యడం తమ వల్ల కాదని వెళ్లిపోయారట.

ఇది చదివాక రెండు రోజులు నాకు మనసు మనసులో లేదు. మా అమ్మ వినాయక చవితికి పాలతాలికలు చేసేది. అరచేతి కింద బియ్యప్పిండి దారంలా జారేది. నోట్సు పుస్తకం పట్టుకుని, "నీళ్లెన్ని పొయ్యాలమ్మా?" అని అడిగితే, "చెయ్యి పెడితే తెలుస్తుందే" అనేది. నాకు చిరాకేసేది. సీరియల్ గడువు ముంచుకొస్తోంది, తర్వాత నేర్చుకుంటాలే అనేదాన్ని. ఆ 'తర్వాత' రాకుండానే అమ్మ వెళ్లిపోయింది.

మొన్న నేనే మొదలెట్టాను. తాలికలన్నీ పాలలో కలిసిపోయాయి. "పాయసం చిక్కగా బాగుంది" అన్నారు మావారు, పాపం, నిజంగానే.

మర్నాడు మళ్లీ పిండి తీశాను. మా అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చి, "కొలతలు చెప్పమ్మా, రాసుకుంటాను" అంది.

"అది అక్కడ పెట్టి చెయ్యి కడుక్కుని రా" అన్నాను.

పిండిలో చెయ్యి పెట్టి కాసేపు పిసికి, "ఇంకొంచెం నీళ్లు పొయ్యాలా?" అంది.

"నాకూ తెలీదే. కొద్దిగా పోసి చూద్దాం" అన్నాను.