చిన్న ఊరి ప్రేమకథలూ, మన మాదాపూర్ బతుకులూ

మా టీములో నాకో పేరుంది. "కిండిల్‌లో ఆడవాళ్ళ నవలలు చదివేవాడు" అని. లంచ్ టైములో ఎవడో వెనకనుంచి తొంగిచూసి ఊరంతా టాంటాం వేశాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వాడు చెప్పింది నిజమే. రెండేళ్ళుగా నేను చదువుతున్నవి ఎక్కువగా అవే. అమెరికాలోనో కెనడాలోనో ఒక చిన్న ఊరు, ఆ ఊళ్ళో ఒక బేకరీ, ఒక బారు, అందరి సంగతులూ తెలిసిన ఓ ముసలావిడ, పట్నంనుంచి మనసు విరిగి వచ్చిన ఓ అమ్మాయి, పెద్దగా మాట్లాడని ఓ అబ్బాయి. మూడొందల పేజీల తర్వాత ఏమవుతుందో నాకూ తెలుసు, మీకూ తెలుసు. అదొక డిజైన్ ప్యాటర్న్. ఇంప్లిమెంటేషన్ మారుతుంది కానీ ఇంటర్‌ఫేస్ మారదు :-)

వీటిలో బాగా పేరున్నది రాబిన్ కార్ రాసిన 'వర్జిన్ రివర్'. మొదటి పుస్తకం 2007లో వచ్చింది, ఇప్పటికి ఇరవై పైచిలుకయ్యాయి. 2019నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో సీరియల్‌గా వస్తోంది కాబట్టి మీలో చాలామంది చూసే ఉంటారు (చూడలేదని మాత్రం చెప్పొద్దు). లాస్ ఏంజిలిస్‌నుంచి ఒక నర్సు కొండల్లో ఉన్న పల్లెకి ఉద్యోగానికి వస్తుంది, అక్కడ బారు నడిపే మాజీ సైనికుడు కనిపిస్తాడు... అంతే కథ. 2022లో ఎమిలీ హెన్రీ 'బుక్ లవర్స్' అని ఒకటి రాసింది. అందులో గమ్మత్తేమిటంటే, ఇలాంటి కథల్లో హీరో పల్లెకి పోయి అక్కడి అమ్మాయిని ప్రేమించి పట్నంలో వదిలేసే గర్ల్‌ఫ్రెండ్ ఉంటుంది చూడండీ, ఆవిడే ఇందులో హీరోయిన్. అంటే ఈ ఫార్ములా, దానిమీదే వెక్కిరింపు నవల రాసినా జనం చదివేంతగా ముదిరిపోయిందన్నమాట.

అసలు ఇది మనకి కొత్తేమీ కాదు. మాది తాడేపల్లిగూడెం. మా అమ్మ పెళ్ళికి ముందు, ఎనభైల్లో, అద్దె పుస్తకాల షాపులో నవలలు తెచ్చుకుని చదివేది. ఒక పుస్తకం తెస్తే మా అమ్మమ్మా, ఇద్దరు పిన్నులూ, పక్కింటావిడా అందరూ ఒక్కరోజులో చదివెయ్యాలి, లేకపోతే రెండోరోజు అద్దె పడుతుంది. వాళ్ళందరికీ దేవత యద్దనపూడి సులోచనారాణి. ఆవిడది కృష్ణాజిల్లా కాజ గ్రామం, 1940లో పుట్టారు, 2018 మేలో కాలిఫోర్నియాలో పోయారు. ఆ రోజు మా అమ్మ ఫోన్ చేసి దగ్గర బంధువు పోయినట్టు చెప్పింది. 'సెక్రటరీ' ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. 1976లో సినిమాగా వచ్చిన నాగేశ్వరరావు, వాణిశ్రీల 'సెక్రటరీ'ని మాత్రం "నవల్లో రాజశేఖరం వేరే" అని ఒక్క మాటతో కొట్టి పారేస్తుంది.

ఇక్కడే నాకు ఒక తమాషా కనిపించింది. గూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు పక్క వీధిలో కూర్చుని మా అమ్మ చదివింది కార్లూ, మేడలూ, పెద్ద ఉద్యోగాలూ ఉన్న హీరోల గురించి. ఆ కార్లూ మేడలూ ఉన్న చోటికి నేను వచ్చిపడ్డాను. 1998లో సైబర్ టవర్స్ కట్టినప్పుడు చుట్టూ రాళ్ళూ రప్పలే అని సీనియర్లు చెప్తారు. ఇప్పుడు అక్కడ కారు కదలాలంటే గంట పడుతుంది. ఆ గంటలో నేను చదివేది బేకరీలూ, వడ్రంగులూ, అందరూ అందరికీ తెలిసిన ఊళ్ళ గురించి! తల్లి పల్లెలో కూర్చుని పట్నాన్ని చదివితే, కొడుకు పట్నంలో కూర్చుని పల్లెని చదువుతున్నాడు.

ఎందుకు అంటే, నాకు తోచింది రెండు కారణాలు. మొదటిది పని. ఆ నవలల్లో ఎవరి పనైనా కంటికి కనిపిస్తుంది. ఒకడు బల్ల చేస్తాడు, ఒకామె పురుడు పోస్తుంది, ఒకాయన గుర్రానికి వైద్యం చేస్తాడు. సాయంత్రానికి ఆ బల్లా, ఆ బిడ్డా, ఆ గుర్రం ఎదురుగా ఉంటాయి. నేను నాలుగేళ్ళు చేసిన మాడ్యూల్‌ని ఎవరు వాడారో నాకు ఇప్పటికీ తెలియదు, తర్వాత దాన్ని రిటైర్ చేశారని ఒక మెయిల్ మాత్రం వచ్చింది. 2023లో లేఆఫ్‌ల వరసలో నా పక్క సీటు అతనికి పొద్దున్న లాగిన్ పనిచెయ్యలేదు. పాస్‌వర్డ్ మర్చిపోయాననుకుని హెల్ప్‌డెస్క్‌కి టికెట్ పెట్టబోయాడు పాపం. చిన్న ఊరి నవలలో ఎవడికైనా ఉద్యోగం పోతే మర్నాటికి ఊరంతా కూరా, కేకూ పట్టుకుని వాకిట్లో ఉంటుంది. అతనికి మేం చేసింది? గ్రూపులో "టేక్ కేర్ బ్రో" అని పెట్టాం.

రెండోది, మనల్ని ఎవరో ఒకరు గుర్తుపట్టడం. కొండాపూర్‌లో మా అపార్టుమెంటుకి నేనొక ఫ్లాట్ నంబర్ని, డెలివరీ అబ్బాయికి నాలుగంకెల ఓటీపీని. లిఫ్టులో రోజూ కనిపించే ఆయన పేరు మూడేళ్ళయినా తెలియదు. అయ్యప్ప సొసైటీలో టీ కొట్టతను మాత్రం నన్ను చూడగానే "అన్నా, షక్కర్ తక్కువనే కదా" అంటాడు. ఆ ఒక్క మాట కోసం రెండు సందులు తిరిగి వెళ్తానంటే నవ్వకండి.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఈ అమెరికా నవల్ని తెచ్చి మన ఊళ్ళో పెట్టి చూడండి. మొదటి అధ్యాయంలోనే ఆగిపోతుంది. పట్నంనుంచి అమ్మాయి బస్సు దిగుతుంది, ఎదురుగా అన్నీ తెలిసిన ముసలావిడ. ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "మీరేవిట్లు?" అడగనట్టుగా అడగాలంటే "మీ ఇంటిపేరేంటమ్మా?" వర్జిన్ రివర్లో నర్సుని ఎవరూ ఆ మాట అడగరు కాబట్టి మిగతా ఇరవై పుస్తకాలు నడిచాయి.

మన రచయితలకి ఈ చిక్కు తెలియక కాదు. యద్దనపూడి 'మీనా' తీసుకోండి. డబ్బున్న ఇంటి అమ్మాయి పల్లెకి వెళ్ళడం, అక్కడి మనుషులమీదా, వ్యవసాయం చేసే అబ్బాయిమీదా మనసుపడడం, అచ్చంగా చిన్న ఊరి ప్రేమకథే. విజయనిర్మల 1973లో సినిమాగా తీశారు. 2016లో త్రివిక్రమ్ తీసిన 'అ ఆ' దానికి ఎంత దగ్గరో అప్పట్లో పెద్ద చర్చే జరిగింది. రెండిట్లోనూ హీరో ఎవరు? బావ. బావ అయితే ఇంటిపేరు అడగక్కర్లేదు, గోత్రం గొడవ లేదు. డబ్బు తేడా ఒక్కటే మిగులుతుంది, అది క్లైమాక్స్‌లో సర్దుకుంటుంది. భలే తెలివైన పని అనిపిస్తుంది నాకు. అసలు సమస్యని స్కోపులోంచి తీసేసి ప్రాజెక్టు టైముకి డెలివర్ చేశారు.

స్కోపులో ఉంచి తీసినవీ ఉన్నాయి. విశాఖలో ఆ పేటవాళ్ళతోనే తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో వచ్చింది. మచిలీపట్నంలో కాలేజీ ప్రేమ గురించి 'కలర్ ఫోటో' 2020లో. రెండూ చూసి ఇంటికి ఊరికే రాలేం. అదే 2018లో, కంచరపాలెం సినిమా ఇంకా హాళ్ళలో ఆడుతుండగానే, మిర్యాలగూడలో కులం దాటి పెళ్ళి చేసుకున్న ఒక అబ్బాయిని గర్భవతి అయిన భార్య పక్కనుండగానే ఆస్పత్రి బయట నరికి చంపారు. అది కూడా చిన్న ఊరే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే నాకూ ఒక కథ నడుస్తోంది. తనది జగిత్యాల. మాకూ వాళ్ళకీ కులం వేరు, మా నాన్న లెక్కలో రాష్ట్రం కూడా వేరు. 2021లో వర్క్ ఫ్రం హోం అని గూడెంలో మేడమీద కూర్చుని పనిచేసిన రోజులు నాకు బాగా నచ్చాయి. సాయంత్రం లాప్‌టాప్ మూసి సైకిలేసుకుని యుద్ధంనాటి పాత రన్‌వే వైపు పోయేవాణ్ణి. పెళ్ళయ్యాక ఎప్పటికైనా అక్కడికే వెళ్ళిపోదాం అన్నాను ఒకరోజు, నవలలో హీరోలా. ఒక పుస్తకం చదవమని కూడా ఇచ్చాను. సగం చదివి తిరిగిచ్చేసింది.

"ఊర్ల ఉన్నప్పుడు బస్టాండ్ల ఎవలతోనన్న మాట్లాడితే, నేను ఇంటికి పోయేలోపే మా నాయినకు తెలిసేది. నీ నవలల దాన్నే ప్రేమ అంటున్నరు" అంది.

నా దగ్గర జవాబు లేదు. నిజానికి మేమిద్దరం కలుసుకోగలిగింది ఎవరూ ఎవర్నీ పట్టించుకోని ఈ ఊళ్ళోనే. దుర్గం చెరువు బ్రిడ్జి మీద గంటసేపు నిలబడ్డా, రాయదుర్గం మెట్రోలో పక్కపక్కన కూర్చున్నా ఒక్కరు తలతిప్పి చూడలేదు. నన్ను బాధపెట్టే ఆ లిఫ్టు మౌనమే తనకి ఊపిరి. పాతికేళ్ళు అందరి కళ్ళల్లో పెరిగిన ఆడపిల్లకి ఫ్లాట్ నంబర్‌గా బతకడంలో ఎంత సుఖముందో మగవాణ్ణి నాకెలా తెలుస్తుంది? అలాగని ఆ నవలలు చదవడం మానలేదు. తను పక్కనే కూర్చుని పాత తమిళ థ్రిల్లర్లు చూస్తుంది. చిన్న ఊరికి వెళ్ళే విషయం పక్కన పెట్టాం, ముందు పెళ్ళి సంగతి చూడాలి.

కిందటి వారం అమ్మకి ఫోన్లో చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ఊహించిందే, "ఏవిట్లురా?" అంది. చెప్పాను. మళ్ళీ మౌనం. "ఏం చదువుకుంది, ఎక్కడ పనిచేస్తుంది" లాంటివి నాలుగు అడిగి, "మీ నాన్నకి నువ్వు చెప్పకు, సమయం చూసి నేను చెప్తాను" అని పెట్టేసింది. ఇంకా చెప్పలేదు. గౌతమిలో సంక్రాంతి టికెట్లు రెండు తీద్దామా ఒకటి తీద్దామా అని నేనూ తనూ ఇంకా తేల్చుకోలేదు, బుకింగ్ వచ్చే బుధవారం పొద్దున్న ఓపెనవుతుంది.